వంటగట్టుకు గ్రానైట్ కొన్నాం: ఏడాది వాడాక రాస్తున్న రివ్యూ

తిరుపతిలో మా ఇంటి వంటగట్టు మార్చి ఈ నెలకు ఏడాది. కొన్న వారానికే ఐదు స్టార్లు ఇచ్చేసేవాళ్ళను చూస్తే నాకు నవ్వొస్తుంది. రాయి సంగతి వారంలో ఏం తెలుస్తుంది? దాని మీద పసుపు ఒలకాలి, చింతపండు పులుసు పొంగాలి, మంట మీది కుక్కర్ తెచ్చి ఠపీమని దించాలి, మా అత్తయ్య అల్లం వెల్లుల్లి దంచాలి, అప్పుడు బయటపడుతుంది. అవన్నీ అయ్యాయి కాబట్టి ఇప్పుడు రాస్తున్నా. షాపు రేణిగుంట వెళ్ళే దారిలో ఉంది, పేరు మాత్రం రాయను. వాళ్ళు చేసిన మంచి ఎంతుందో చెడూ అంతే ఉంది, పైగా ఆ చెడు వాళ్ళొక్కరిదే కాదు, నేను తిరిగిన నాలుగు చోట్లా కొంచెం అటూ ఇటూగా అదే తంతు.

పాత గట్టు కడప రాయి. ఇల్లు కట్టిన రోజుల్లో మామయ్యగారు వేయించింది, ఇరవై ఏళ్ళు దాటింది. నల్లగా నిగనిగలాడేదట. నేను కాపురానికి వచ్చేసరికే నిమ్మచెక్క పెట్టిన చోట గుండ్రంగా తెల్లటి మరక, పులుసు గిన్నె పెట్టిన చోట ఇంకోటి, ఎంత తోమినా పోయేవి కావు. అది మరక కాదని, రాయే కరిగిపోయిందని కొత్త రాయి కోసం తిరిగినప్పుడు తెలిసింది. కడప రాయి సున్నపురాయి జాతి. పులుపు తగిలితే పై పొర కరుగుతుంది, మెరుపు పోతుంది, ఇక సబ్బు పెట్టినా సర్ఫ్ పెట్టినా తిరిగి రాదు. ఇన్నేళ్ళూ నేనూ అత్తయ్యా పీచు పెట్టి తోమింది దండగ.

మేము వెళ్ళేటప్పుడు మా చిన్నమామయ్యను వెంటబెట్టుకుని వెళ్ళాం. ఆయన ఎస్వీ యూనివర్సిటీలో జియాలజీ చదివి, జీవితమంతా బోర్లకు పాయింట్లు చూస్తూ చిత్తూరు జిల్లా పల్లెలన్నీ తిరిగిన మనిషి. వెయ్యి అడుగులు వేసినా నీళ్ళు పడని బోర్లు చానా చూశారు కాబట్టి గ్రానైట్ మీద ఆయనకు భక్తీ ఉంది, కోపమూ ఉంది. షాపులో ఆయన చేసిన పనులు రాస్తే అదే సగం రివ్యూ అయిపోతుంది.

లోపల ఇనుప స్టాండ్లకు ఆనించి స్లాబులు వరసగా ఉన్నాయి, ఒక్కోదాని మీద చాక్‌పీస్‌తో కొలత, పక్కన పేరు. గెలాక్సీ, జెట్ బ్లాక్, కుప్పం గ్రీన్, స్టీల్ గ్రే, ఏదో ఇటాలియన్ వైట్ అట, చివర్లో ఒక మూల ఎవరూ చూడని లోకల్ పింక్. సేల్స్ అబ్బాయి చెయ్యి అటు నుంచి ఇటు తిప్పి "అన్నీ గ్రానైటే అక్కా, రేటును బట్టి క్వాలిటీ" అన్నాడు. చిన్నమామయ్య కళ్ళజోడు పైకి జరిపి, వరసంతా ఒకసారి నడిచి వచ్చి, "ఈ వరసలో సగం గ్రానైట్ కాదు నాయనా" అన్నారు. అబ్బాయికి ఏం చెప్పాలో తెలియలేదు. నాకూ తెలియలేదు, ఎందుకంటే మెరిసే గట్టి రాయి ఏదైనా గ్రానైటే అని నేనూ అనుకుంటున్నా.

ఆయన ఏం చేశారంటే, వాటర్ బాటిల్ మూత తీసి లోకల్ పింక్ మూల మీద కొంచెం పోసి, అరచేత్తో రుద్ది, దగ్గరికొచ్చి చూడమన్నారు. తడిస్తే గింజలు స్పష్టంగా కనిపిస్తాయి. మూడు రకాలు. లేత గులాబీ రంగులో వేలిగోరంత పలకలు, వెలుతురు పడితే ఒక వైపు తళుక్కుమంటాయి, అది ఫెల్డ్‌స్పార్. వాటి మధ్య ఇరుక్కుని పటికబెల్లం ముక్కల్లా బూడిదరంగు గింజలు, అది క్వార్ట్జ్. అక్కడక్కడ నల్ల నువ్వులు చల్లినట్టు చిన్న చిన్న రేకులు, అది అభ్రకం. "ఈ మూడూ కంటికి కనిపించే సైజులో, ఒకదాన్ని ఒకటి పట్టుకుని ఉంటేనే అది గ్రానైట్. అందులోనూ క్వార్ట్జ్ ఐదో వంతన్నా ఉండాలి" అన్నారు.

గింజలు అంత పెద్దవిగా ఉండడానికి కారణం ఆ రాయి నింపాదిగా చల్లారడమట. కొన్ని కిలోమీటర్ల లోతులో, దాదాపు 700 డిగ్రీల వేడి దగ్గర, లక్షల ఏళ్ళు తీరిగ్గా గడ్డకడుతుంది. పాకం తొందరగా చల్లారిస్తే పలుకు సన్నం, నిదానంగా వదిలేస్తే పటికబెల్లం, అంతే తేడా. పైన ఉన్న కిలోమీటర్ల కొద్దీ రాయి వానకూ గాలికీ అరిగిపోయి కొట్టుకుపోయాక, అప్పుడు ఇది బయటపడి, చంద్రగిరి కోట కొండలా మన కళ్ళ ముందు నిలబడుతుంది. గూడూరు వైపు అభ్రకం గనులు ఉన్నాయి కదా, అక్కడ ఇదే సరుకు ఇంకా పెద్ద పలుకులుగా కట్టింది, అందుకే అరచేతి వెడల్పు అభ్రకం రేకులు దొరికేవని కూడా చెప్పారు.

మరి నల్ల గ్రానైటో? ఇక్కడే నాకు అసలు ఆశ్చర్యం. నలుపు గ్రానైట్ అంటూ మన ఊళ్ళో అమ్మేది చాలావరకు డోలరైట్ అనే వేరే రాయి. క్వార్ట్జ్ దాదాపు ఉండదు, ఇనుమూ మెగ్నీషియమూ ఎక్కువ, అందుకే ఆ నలుపు, ఆ బరువు. మన జిల్లా గ్రానైట్ పగుళ్ళలోకి లోపలి నుంచి కరిగిన రాయి ఎక్కివచ్చి, గడ్డకట్టి, ఇప్పుడు పొలాల మధ్య నల్లగుండ్ల వరసలా మైళ్ళకొద్దీ సాగిపోయి కనిపిస్తుంది. చిత్తూరు నుంచి పల్లెల మీదుగా వెళ్ళినవాళ్ళు చూసే ఉంటారు, ఎవరో పేర్చినట్టు గుట్ట గుట్టంతా నల్ల బండలే. చీమకుర్తి గెలాక్సీ కూడా అంతే, అది గాబ్రో అనే ఇంకో నల్లరాయి జాతి, అందులో బంగారు చుక్కల్లా మెరిసేది బ్రాంజైట్ అనే ఖనిజం. రాయి మంచిదే, ప్రపంచమంతా కొనుక్కుంటోంది, కాకపోతే గ్రానైట్ మాత్రం కాదు. వ్యాపారంలో పాలిష్ పట్టే గట్టి రాయి అన్నింటికీ ఒకే పేరు పెట్టేశారు. మోసం అని నేను అనను, వాడుక అంతే, కానీ కొనేవాళ్ళకు తెలిసి ఉంటే మంచిది, ఎందుకంటే ఒక్కో రాయికి ఒక్కో రోగం.

ఆ రోగాలు పట్టుకోవడానికి ఆయన జేబులో సరంజామా తెచ్చారు. ఒక నిమ్మకాయ, పాత చాకు, కొంచెం దూది, మా చిన్నపిల్ల నెయిల్ పాలిష్ రిమూవర్ సీసా. షాపు ఓనరుకు అది నచ్చలేదు గానీ "విరిగిన ముక్కల మీద చూసుకోండి సార్" అని ఒప్పుకున్నాడు, అందుకు అతనికి ఒక మార్కు.

ఇటాలియన్ వైట్ ముక్క మీద చాకుతో గీస్తే గీత పడింది, తెల్ల పొడి రాలింది. ఆ పొడి మీద నిమ్మరసం పిండితే సన్నగా నురగ వచ్చింది. మార్బుల్. గ్రానైట్ రేటు మీద చదరపు అడుగుకు ఇంకో వంద ఎక్కువ చెప్పి మాకు వంటింటికి అంటగట్టబోయిన రాయి అది! మళ్ళీ మా కడప రాయి కథే అయ్యేది, కాకపోతే తెల్లగా. లోకల్ పింక్ మీద చాకు గీస్తే రాయి మీద ఏమీ కాలేదు, చాకు మొన అరిగి బూడిదరంగు గీత మిగిలింది, వేలితో తుడిస్తే పోయింది. గట్టిదనం లెక్కలో క్వార్ట్జ్ 7, ఫెల్డ్‌స్పార్ 6, మామూలు స్టీలు చాకు ఐదున్నర చుట్టుపక్కల, మార్బుల్‌లో ఉండే కాల్సైట్ 3. గట్టు మీదే కూరగాయలు తరిగే అలవాటున్న అత్తయ్యకు ఇది ముందే చెప్పి ఉండాల్సింది, రాయికి ఏం కాలేదు గానీ ఏడాదిలో మూడు కత్తులు మొద్దుబారాయి.

రిమూవర్‌లో ముంచిన దూదితో జెట్ బ్లాక్ ముక్క రుద్దితే దూది నల్లబడింది. రంగేశారు! బూడిదరంగు రాయికి నలుపు పూసి నిగనిగలాడిస్తున్నారన్నమాట. ఓనరు మొహంలో రంగు మారలేదు, "అది సెకండ్ క్వాలిటీ సార్, మీకు ఫస్ట్ చూపిస్తా" అని లోపలికి తీసుకెళ్ళాడు. లోపలి దాని మీద దూది తెల్లగానే ఉంది. దేవుడి గదికి ఆ రాయే తీసుకున్నాం. కానీ ఒక మాట, మేము దూది తీయకపోతే లోపలికి తీసుకెళ్ళేవాడా?

చివరిగా నీళ్ళ పరీక్ష. ఆరిన రాయి మీద నాలుగు చుక్కలు వేసి, టీ తాగి వచ్చి చూడాలి. ఒక లేత రంగు రాయి మీద పది నిమిషాల్లో నాలుగు చుక్కల కిందా రాయి ముదురు రంగుకు తిరిగింది, అంటే నీళ్ళు పీల్చింది, రేపు పసుపూ నూనే కూడా అలాగే పీలుస్తుంది. మేము తీసుకున్న పింక్ కొంచెం పీల్చింది, అదీ పావుగంట తర్వాత. సీలర్ (రాయి పీల్చకుండా వేసే పూత) కొడితే చాలన్నారు.

ఆ టీ తాగిన పది నిమిషాల్లోనే భూమి పైపెంకు గురించి క్లాసు కూడా అయింది. మన కాళ్ళ కింద ఖండం పెంకు సుమారు 35 నుంచి 40 కిలోమీటర్ల మందం. తిరుపతి నుంచి శ్రీకాళహస్తికి వెళ్ళే రోడ్డును నిలువునా భూమిలోకి దించితే దాదాపు అంత. సముద్రాల కింద అయితే ఏడు కిలోమీటర్ల చిల్లరే, రేణిగుంట కూడా రాదు, పైగా అక్కడుండేది గ్రానైట్ కాదు, బసాల్ట్ అనే నల్లరాయి, మన నల్ల గ్రానైట్‌కు దగ్గరి చుట్టం. గ్రానైట్ జాతి రాళ్ళు తేలిక, నీటికి 2.7 రెట్ల బరువు. పెంకు కింద ఉండే మ్యాంటిల్ అనే పొరలోని రాయి 3.3 రెట్లు. అందుకే ఖండాలు పుష్కరిణిలో తెప్పలా పైన నిలబడ్డాయి, సముద్రపు అడుగు కిందికి కుంగింది. మన వంటగట్టు మీద పెట్టే రాయి తేలికది కావడం వల్లే మనం నీళ్ళ పైన ఉన్నాం అని ఆయన అంటుంటే సేల్స్ అబ్బాయి కూడా స్టూలు లాక్కుని కూర్చున్నాడు.

ఈ పెంకు మొత్తాన్ని తూకం వేస్తే ఆక్సిజన్ 46 శాతం, సిలికాన్ 28 శాతం దాకా, అంటే ముప్పావు వంతు ఆ రెండే. తర్వాత అల్యూమినియం 8, ఇనుము 5, ఆ తర్వాత కాల్షియం, సోడియం, పొటాషియం, మెగ్నీషియం. ఈ ఎనిమిదింటితోనే 98 శాతం అయిపోతుంది, బంగారం, రాగి, సీసం అన్నీ ఆ మిగిలిన చిల్లరలో సర్దుకోవాలి. ఇంటికొచ్చి చెప్తే అత్తయ్య అడిగిన ప్రశ్న నాకు బాగా నచ్చింది. "గాలిలో ఉండే ఆ ఆక్సిజనే రాయిలో సగం ఉంటే, పొయ్యి పక్కన పెడితే అంటుకోదా?" చిన్నమామయ్య ఒక నిమిషం ఆలోచించి, "అది ఎప్పుడో కాలిపోయిన సరుకు వదినా, సిలికానూ అల్యూమినియమూ ఆక్సిజన్‌తో కలిసి కాలిపోగా మిగిలిందే రాయి, బూడిదను మళ్ళీ కాల్చలేం కదా" అన్నారు. అత్తయ్య ఒప్పుకుంది. ఆమె ఒప్పుకోవడం మా ఇంట్లో చిన్న విషయం కాదు.

ఇంకో సంగతి, పెంకులో సగానికి పైగా ఉండే ఖనిజం ఫెల్డ్‌స్పారే. గ్రానైట్ వానకు నానీ ఎండకు పగిలీ పాడైతే ఫెల్డ్‌స్పార్ బంకమన్నుగా మారిపోతుంది, క్వార్ట్జ్ మాత్రం మొండిది, ఇసుకగా మిగిలిపోతుంది. స్వర్ణముఖి ఇసుకను చేతిలోకి తీసుకుని చూస్తే మా గట్టులోని ఆ బూడిదరంగు గింజల్లాంటివే కనిపిస్తాయి. గట్టు అతికించిన సిమెంటులోని ఇసుకా, గట్టూ ఒకే ఇంటివి.

సరే, డబ్బు సంగతి. రాయి రేటు చదరపు అడుగు 165 రూపాయలకు బేరం కుదిరింది, 190 నుంచి మొదలైంది. మాకు రెండు స్లాబులు పట్టాయి, 20 మిల్లీమీటర్ల మందం. ఒక్కోటి నూట యాభై కిలోల దాకా ఉంటుంది, నలుగురు మోశారు. ఇక్కడే నా మొదటి ఫిర్యాదు. వాళ్ళ కొలత 10 అడుగుల 3 అంగుళాలు, వెడల్పు 3 అడుగులు. నేను టేపు పెట్టి, వంకర అంచులు వదిలేసి, పనికొచ్చేంత కొలిస్తే 9 అడుగుల 9 అంగుళాలు, 2 అడుగుల 9 అంగుళాలు. వాళ్ళు టేపును బయటికి పొడుచుకొచ్చిన మూల నుంచి ఇంకో మూలకు పెడతారు. స్లాబుకు నాలుగు చదరపు అడుగుల తేడా, రెండింటికీ కలిపి దాదాపు 1,300 రూపాయలు గాలికి కట్టినట్టు. అడిగితే "ఊళ్ళో అందరిదీ ఇదే కొలత అక్కా". అందరూ అదే చేస్తే అది కొలత అయిపోతుందా? వాదించగా వాదించగా రవాణా ఖర్చు తీసేశాడు, కొలత మాత్రం మార్చలేదు. బిల్లు అడిగితే జీఎస్టీ 18 శాతం అదనం అని మొహం చిట్లించాడు. బిల్లు తీసుకున్నాం. తీసుకోండి, తర్వాత చెప్తా ఎందుకో.

అంచు మోల్డింగ్, సింక్ కటింగ్ వేరే చార్జీ. అది మామూలే, రాతలో ముందే పెట్టించుకుంటే చాలు.

కటింగ్ చేసిన మనిషికి మాత్రం పూర్తి మార్కులు. పెద్దగా మాట్లాడడు. స్లాబును చూసి, చుక్కల వరస ఏ వైపు పారుతోందో చూసుకుని, జాయింటు దగ్గర రెండు ముక్కల డిజైను కలిసేలా తిప్పి పెట్టాడు. ఆ జాయింటు చూపిస్తే తప్ప కనిపించదు. బ్లేడు మీద నీళ్ళు పడుతూ ఉండేలా పైపు కట్టుకున్నాడు, ఎందుకంటే పొడి లేవకూడదు. క్వార్ట్జ్ ధూళి ఊపిరితిత్తుల్లోకి పోతే సిలికోసిస్ వస్తుంది, పోయేది కాదు ఆ జబ్బు. కానీ అంచులు పాలిష్ పట్టేటప్పుడు మా వరండాలోనే నీళ్ళు లేకుండా మెషిన్ తిప్పాడు, మొహానికి తువ్వాలు ఒక్కటే. మాస్కు లేదా అని అడిగితే నవ్వాడు. మా ఇంట్లో కరోనా నాటి మాస్కులు ఉంటే ఇచ్చాం, పెట్టుకున్నాడు, ఐదు నిమిషాలకు తీసేశాడు, ఊపిరి ఆడడం లేదట. అంత వ్యాపారం చేసే షాపు పనివాళ్ళకు సరైన మాస్కు కొనివ్వలేదా? ఒక స్టార్ నేను ఇక్కడే కోసేశా.

ఇక సింక్ ముందు పగులు. సింక్ కోసం గట్టుకు కన్నం చేస్తారు కదా, కన్నానికీ ముందు అంచుకూ మధ్య మిగిలేది మూడంగుళాల పట్టీ. రాయికి పైనుంచి నొక్కితే ఏమీ కాదు, వంగదీస్తే మాత్రం పుటుక్కుమంటుంది. ఆటోలోంచి దించేటప్పుడు ఆ పట్టీ దగ్గర పట్టుకుని ఎత్తారు, సన్నటి గీత పడింది. షాపుకు ఫోన్ చేస్తే "అది రాయిలో వచ్చే నేచురల్ లైన్ మేడమ్" అన్నారు. పొద్దున అక్క, మధ్యాహ్నానికి మేడమ్. చిన్నమామయ్య చెప్పిన చిట్కా, గీత మీద అడ్డంగా గోరు లాగి చూడాలి. పుట్టుకతో వచ్చిన గీత అయితే గోరు జారిపోతుంది, పగులైతే తగులుకుంటుంది. తగులుకుంది. బిల్లు ఫొటో, పగులు ఫొటో పంపాక రెండో రోజు మనిషి వచ్చి రాతిపొడి కలిపిన ఎపాక్సీ జిగురు నింపి వెళ్ళాడు. ఏడాదైనా నిలిచింది, కానీ వెలుతురు పక్క నుంచి పడితే గీత నాకు కనిపిస్తుంది. రోజూ అక్కడే నిలబడి గిన్నెలు కడిగేదాన్ని కదా. మీరు చేయించుకుంటే సింక్ కన్నం రాయిని గట్టు మీద పెట్టాక ఇంట్లోనే కోయమనండి, లేదా ఆ పట్టీ కింద గాడి చేసి స్టీలు కడ్డీ పెట్టమనండి. దానికి పెద్ద ఖర్చు ఏమీ ఉండదు.

ఏడాది వాడకం ఎలా ఉందంటే, నిమ్మకూ చింతపండుకూ ఏమీ కాలేదు. పసుపు రెండుసార్లు రాత్రంతా ఉండిపోయింది, వంటసోడా ముద్ద పెట్టి తుడిస్తే పోయింది. వేడి కుక్కర్ నేరుగా దించుతున్నాం, రాయి 700 డిగ్రీల దగ్గర పుట్టింది కాబట్టి మన సాంబారు దానికి చలికాలం లెక్క. అయినా సింక్ పట్టీ దగ్గర మాత్రం పెట్టను, ఆ ఎపాక్సీ మీద నాకు నమ్మకం లేదు. నూనె మరక ఒకటి పొయ్యి పక్కన ఉండిపోయింది, సీలర్ కొట్టడం ఆలస్యం చేసిన తప్పు నాది. దేవుడి గది నల్లరాయి నలుపు తగ్గలేదు, దీపం నూనె పడినా తుడిస్తే పోతోంది, కానీ వేలిముద్రలూ కుంకుమ ధూళీ దాని మీద కనిపించినట్టు ఇంకెక్కడా కనిపించవు. పని తక్కువ కావాలంటే చుక్కల రాయే మేలు, మురికి అందులో కలిసిపోతుంది (శుభ్రం అన్నానా? కలిసిపోతుంది అన్నా, అంతే).

క్వార్ట్జ్ గట్టు అని ఇంకో రకం చూపిస్తారు, పలకల మీద ఒక్క చుక్క తేడా లేకుండా అందంగా ఉంటుంది. అది క్వార్ట్జ్ పొడిని రెసిన్‌తో అతికించి ఫ్యాక్టరీలో చేసేది. మరక పీల్చదు, నిజమే. కానీ రెసిన్ ప్లాస్టిక్ లాంటిది, నేరుగా కుక్కర్ దించితే మచ్చ పడుతుంది. రేటు మాకు చెప్పింది రెండింతలకు పైనే. మా వంటింటికి వద్దనుకున్నాం.

పక్కింటావిడ వాట్సాప్‌లో వచ్చిందని గ్రానైట్‌లోంచి రేడియేషన్ వస్తుందట అని టెన్షన్ పెట్టింది. అబద్ధం కాదు, సగం నిజం. గ్రానైట్‌లో పొటాషియం ఎక్కువ, అందులో రవ్వంత రేడియోధార్మికం, యురేనియం, థోరియం కూడా లేశమాత్రం ఉంటాయి. భూమి లోపలి వేడిలో పెద్ద భాగం అలాంటి వాటి వల్లే. కిటికీ తెరిచి వంట చేసుకునే ఇంట్లో ఒక గట్టు వల్ల వచ్చేది భయపడాల్సినంత కాదు. తిరుపతి చుట్టూ కొండ మొదలంతా గ్రానైటే, దాని పక్కన మన రెండు స్లాబులు ఎంత?

ఆ మాట మీద గుర్తొచ్చింది, ఈ రాయి కొన్నాక తిరుమల వెళ్ళే బస్సులో నేను కిటికీ సీటు కోసం గొడవపడుతున్నా. ఘాట్ రోడ్డులో కింద ఉండేది గ్రానైట్, 250 కోట్ల ఏళ్ళ నాటిది. పైన పొరలు పొరలుగా పేర్చినట్టు ఎర్రటి గోడల్లా కనిపించేది క్వార్ట్జైట్, ఇసుక గట్టిపడి అయిన రాయి, వయసులో చానా చిన్నది. ఆ రెండింటి మధ్య గీత దగ్గర కోట్ల సంవత్సరాల చరిత్ర మాయం, ఆ కాలానికి రాయే లేదు, అరిగి కొట్టుకుపోయింది. ఆ గీత కనిపించే చోటును భారత భూగర్భ సర్వేక్షణ సంస్థ జాతీయ భూవైజ్ఞానిక స్మారకంగా ప్రకటించింది, పైన శిలాతోరణానికీ ఆ గుర్తింపు ఉంది. ముప్పై ఏళ్ళుగా ఆ రోడ్డులో వెళ్తూ నేను చూసింది ముందు సీటు వాళ్ళ వాంతులూ కోతులే.

మార్కులు వేయమంటే రాయికి ఐదుకు నాలుగున్నర, ఆ అర నూనె మరకకు. కోసిన మనిషికి ఐదు. షాపుకు రెండున్నర, కొలతకూ, రంగేసిన నలుపుకూ, మాస్కుకూ కోసేశా, నిమ్మకాయ పిండనిచ్చినందుకు మిగిల్చా. మళ్ళీ వెళ్తానా అంటే వెళ్తా, టేపు పట్టుకుని.

ఇంకొక్కటి. సింక్ కోసం కోసిన ముక్కకు మీరు డబ్బు కట్టారు, అది మీదే, అడిగి తెచ్చుకోండి. చాలామంది వదిలేస్తారు, షాపువాళ్ళు దాన్ని వేరేవాళ్ళకు మళ్ళీ అమ్ముతారు. మాది 22 అంగుళాలకు 16, పన్నెండు కిలోలుంది. చపాతీ పీటకు పనికొస్తుందని నేను తెస్తే, మొయ్యలేక అత్తయ్య పెరట్లో కొళాయి కింద కాళ్ళు కడుక్కునే బండగా వేయించింది. చిన్నమామయ్య ఎప్పుడొచ్చినా ముందు అక్కడికే వెళ్తారు, చెంబుతో నీళ్ళు పోసి, వంగి, ఆ గులాబీ పలకలు ఎటు తిప్పితే తళుక్కుమంటాయో చూస్తూ నిలబడతారు. "కాళ్ళు కడుక్కుని లోపలికి రావయ్యా, కాఫీ చల్లారిపోతోంది" అని అత్తయ్య వంటింట్లోంచి అరుస్తూనే ఉంటుంది.